అర్జీ అక్కరలేని హక్కు

రాష్ట్రం వెలుపల బతికే తెలుగువారికి అర్జీలు రాయడం పుట్టుకతో అబ్బిన విద్య. తెలుగు బడి మూతపడుతుంటే అర్జీ, పాఠ్యపుస్తకాలు ఆలస్యమైతే అర్జీ, పంతులు ఖాళీ నింపకపోతే అర్జీ. న్యాయవాద వృత్తిలో నేను రాసిన అర్జీలలో భాషకు సంబంధించినవి తక్కువేమీ కావు. అయితే 2025 ఆఖర్లో, ముంబయి కామాటిపురలోని ఒక చిన్న గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్న రోజున నాకొక సంగతి తెలిసివచ్చింది. ఎవరికీ అర్జీ పెట్టుకోనక్కరలేని భాషాహక్కు ఒకటి మన చేతిలోనే ఉన్నది. దానిని లాక్కునేవారెవరూ లేరు. మనమే జారవిడుచుకుంటున్నాము.

లినక్స్ అనే స్వేచ్ఛా నిర్వహణ వ్యవస్థను పాత కూర్పు నుండి కొత్త కూర్పుకు మార్చిన సందర్భమది. ఇది కంప్యూటర్ చదువుకున్నవారి గొడవ, సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనకెందుకు అని పుట తిప్పవద్దని పాఠకులకు మనవి. బడి గోడ మీది తెలుగు అక్షరానికి ఏ గతి పట్టిందో, తెర మీది తెలుగు అక్షరానికీ అదే గతి పట్టబోతున్నది. తేడా ఒక్కటే. మొదటిదానికి ప్రభుత్వాన్ని అడగాలి. రెండోదానికి మనల్ని మనమే అడగాలి.

మా గది

కామాటిపుర పేరు వినగానే లోకానికి గుర్తొచ్చేది వేరు. ఆ పేరు మాత్రం మనది. 18వ శతాబ్దం చివరి నుండి నిజాం రాజ్యపు తెలుగు సీమను విడిచి బొంబాయికి వచ్చి, రాళ్లు మోసి, బాటలు వేసి, మేడలు కట్టిన శ్రామికులు కామాటులు. వారి పేరు మీదనే ఆ పేట వెలసింది. తరువాతి కాలంలో బట్టల మిల్లుల పనికి పద్మశాలీలు వచ్చారు. పేటలో వీధులకు నేటికీ అంకెలే పేర్లు: ఒకటో గల్లీ, రెండో గల్లీ. ఆ గల్లీలలోని చాల్‌లలో తెలుగు ఇంకా వినబడుతున్నది. చదవడం, రాయడం మాత్రం తరం తరానికీ సన్నగిల్లుతున్నది.

అటువంటి ఒక చాల్‌లో, మొదటి అంతస్తులో, సంఘం పెద్దలు పిల్లల చదువుకు విడిచిన గది ఉన్నది. సాయంత్రం పూట పిల్లలు వస్తారు. నగరపాలక సంస్థ తెలుగు బడికి వెళ్లేవారు కొందరు, మరాఠీ, ఇంగ్లీషు బడులకు వెళ్లేవారు ఎక్కువమంది. మహారాష్ట్ర పాఠ్యపుస్తక సంస్థ బాలభారతి తెలుగు మాధ్యమం పుస్తకాలు అచ్చు వేస్తున్నది కనుక బల్ల మీద అవీ ఉంటాయి. రెండు కంప్యూటర్లున్నాయి. ఒకటి చాలా పాతది. రెండవది కొంత మెరుగు. రెండింటిలోనూ డెబియన్ అనే లినక్స్ పంపిణీయే నడిచేది. కారణం ఆదర్శం ఒక్కటే కాదు. మాకు లైసెన్సు కొనే స్తోమత లేదు.

లినక్స్ గురించి ఎరుగని పాఠకుల కోసం రెండు మాటలు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అనే ఉద్యమాన్ని ప్రకటించాడు. మన కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌ను మనం చూడవచ్చు, మార్చవచ్చు, ఇతరులకు పంచవచ్చు అన్నది దాని సూత్రం. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్ రాశాడు. వీటికి వేలాది ఉపకరణాలు చేర్చి, ఒక్క మూటగా కట్టి అందించేదే పంపిణీ. 1993లో మొదలైన డెబియన్‌కు యజమాని లేడు. లోకమంతటా ఉన్న స్వచ్ఛంద సేవకులే దానిని నడుపుతారు. దాని 12వ కూర్పు బుక్‌వర్మ్ 2023 జూన్‌లోనూ, 13వ కూర్పు ట్రిక్సీ 2025 ఆగస్టు 9నా వెలువడ్డాయి. కొత్త కూర్పులో 69,830 ఉపకరణాల మూటలున్నాయి.

మేము మారడానికి తొందరపడటానికి ఇంకొక కారణం ఉన్నది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. చాల్‌లోని మూడు నాలుగు ఇళ్లవారు తమ కంప్యూటర్లకు తరువాతి కూర్పు ఎక్కదని తెలుసుకొని, “ఇగ దీన్ని పాతసామానోనికి ఇయ్యాల్నా వకీల్ సాబ్?” అని అడిగారు. వారికి సమాధానం చెప్పే ముందు మా ఇల్లు మేము చక్కబెట్టుకోవాలనుకున్నాము.

మారిన తీరు

కోర్టుకు సెలవైన ఒక శనివారం, ఇంజనీరింగ్ చదువుతున్న మా చాల్ అమ్మాయి ఒకతె ఈ పనికి పూనుకున్నది. మొదట ఉన్న దస్త్రాలన్నింటినీ వేరే డిస్కులో భద్రపరిచింది. సాఫ్ట్‌వేర్ ఎక్కడి నుండి రావాలో చెప్పే పట్టికలో బుక్‌వర్మ్ అన్న చోటల్లా ట్రిక్సీ అని మార్చింది. ఆపై కొన్ని ఆజ్ఞలు. మూడు గంటలలోపే పని పూర్తయింది. ఎవరి అనుమతీ అడగలేదు, ఎవరికీ రుసుము కట్టలేదు.

మంచిని ముందు చెప్పాలి. యంత్రం మునుపటికన్నా చురుకుగా లేచింది. తెర మీద వారాల పేర్లు తెలుగులోనే వచ్చాయి. మేము వాడే ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరిక చెక్కుచెదరలేదు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే అలవాటున్నవారికి ఆర్‌టీఎస్ పద్ధతి కూడా అందుబాటులో ఉన్నది. ఖతులకు, అంటే ఫాంట్లకు, కొరత లేదు. రెడ్‌హ్యాట్ సంస్థ స్వేచ్ఛగా విడిచిన లోహిత్ తెలుగు, దేశికాచార్యులు గారు రూపొందించిన పోతన, వేమన ఖతులు కూడా డెబియన్ భాండారంలోనే దొరుకుతాయి. టెసెరాక్ట్ అనే ఉపకరణానికి తెలుగు భాగం చేర్చి, బాలభారతి పుస్తకంలోని ఒక పుటను స్కాన్ చేసి ఇచ్చాము. వత్తుల దగ్గర కొన్నిచోట్ల తడబడినా, పుటలోని పాఠాన్ని చాలావరకు సరిగానే చదివి టైపు చేసి పెట్టింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇరవై ఏళ్ల కిందట లినక్స్‌లో ఒక తెలుగు వాక్యాన్ని వత్తులు చెదరకుండా చూడటమే గొప్ప. ఆ దూరాన్ని దాటించినవారికి మనం రుణపడి ఉన్నాము.

తరువాత మెనూలు తెరిచాము. ఒక వరుస తెలుగు, ఒక వరుస ఇంగ్లీషు. ఒక పెట్టెలో ప్రశ్న తెలుగులో ఉంటే, దాని కింద జవాబు మీట ఇంగ్లీషులో ఉన్నది. అమరికల పుటలో పాతకాలం నుండి ఉన్న అంశాలకు తెలుగు పేర్లున్నాయి. కొత్తగా చేరినవాటికి లేవు. ఎనిమిదేళ్ల పిల్లవాడు ఒకడు, “మామా, గిది సగం మర్చిపోయిందా?” అని అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను.

కాలదోషం

ఆ సగం ఎందుకు మాయమైందో కనుక్కోవడానికి నాకు వారం పట్టింది. తెలుసుకున్నాక సిగ్గుపడ్డాను.

మా కంప్యూటర్ తెరను తీర్చే ఉపకరణం పేరు గ్నోమ్. దానికి ఆరు నెలలకొక కొత్త కూర్పు వస్తుంది. డెబియన్ 13లో ఉన్నది 48వది. ప్రతి కూర్పులోనూ కొత్త మెనూలు, కొత్త వాక్యాలు చేరతాయి. వాటిని ఆయా భాషల స్వచ్ఛంద సేవకులు తమ నుడిలోకి తెచ్చి పంపాలి. మూలవాక్యంలో ఒక్క పదం మారినా, పాత అనువాదం సందేహాస్పదమైనదిగా గుర్తింపబడుతుంది. దానిని మరల చూచి సరే అనేవారు లేకపోతే, ఆ చోట ఇంగ్లీషే కనబడుతుంది. ఎవరూ తెలుగును తీసివేయలేదు. తెలుగును నిలబెట్టడానికి ఎవరూ రాలేదు. అంతే.

నా వృత్తిలోని పోలిక చెబుతాను. సివిల్ ప్రొసీజర్ కోడ్ 148-ఏ సెక్షన్ కింద వేసిన కేవియట్ 90 రోజులకు చెల్లిపోతుంది. వేసి ఇంటికి వెళ్లి నిద్రపోయినవాడు, 91వ రోజున తనకు తెలియకుండా ఉత్తరువు వచ్చిందని వాపోతే కోర్టు వినదు. సాఫ్ట్‌వేర్‌లోని తెలుగూ అటువంటిదే. ఒకనాడు ఎవరో పుణ్యాత్ములు వేసిన కేవియట్ మీద మనం ఇన్నాళ్లు నిద్రపోయాము. 2005లో హైదరాబాదులో మొదలైన స్వేచ్ఛ సంస్థ, ఇతర తెలుగు స్వచ్ఛంద సేవకులు రాత్రిళ్లు మేలుకొని వేలాది వాక్యాలను తెలుగు చేశారు. 80 శాతం వాక్యాలు అనువాదమైన భాషనే సమర్థిత భాషగా గ్నోమ్ లెక్కిస్తూ వచ్చింది. ఆ గీత పైకి ఎక్కడం ఒక్కనాటి పని కాదు. ఎక్కి అక్కడ నిలబడటం ఏనాటికీ తీరని పని.

రాజ్యాంగం 29వ అధికరణం తమదైన భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకునే హక్కును ప్రజలకిచ్చింది. లిపి అన్న మాటను పాఠకులు గమనించాలి. 350వ అధికరణం, కేంద్రంలో గాని ఆ రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారులకు విజ్ఞప్తి చేసుకునే హక్కునిచ్చింది. 1956లో ఏడవ సవరణ ద్వారా చేరిన 350-ఏ ప్రాథమిక దశలో మాతృభాషా బోధన గురించి, 350-బి భాషా అల్పసంఖ్యాకుల ప్రత్యేకాధికారి గురించి చెబుతాయి. ఇవన్నీ ఒకరు ఇవ్వవలసినవి, ఇవ్వకపోతే మనం అడగవలసినవి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ఇచ్చేవాడు వేరే లేడు. తలుపు తీసే ఉన్నది. లోపల తెలుగుకు కేటాయించిన పీట ఉన్నది. కూర్చునే మనిషి లేడు. జీవితమంతా అర్జీలు రాసిన నాకు, అర్జీ అవసరం లేని చోట ఏం చేయాలో తోచకపోవడమే అసలు దోషమని అనిపించింది.

చెదిరిన పేర్లు

అంతకన్నా పెద్ద దెబ్బ మరునాడు తగిలింది. 2000వ దశకంలో సంఘం పెద్దలు నాలుగు గల్లీల తెలుగు కుటుంబాల పట్టిక ఒకటి తయారు చేశారు. ఇంటిపేరు, పేరు, కరీంనగర్, నిజామాబాద్, నల్లగొండ వైపు సొంత ఊరు, బొంబాయికి వచ్చిన ఏడు, ఖోలీ సంఖ్య, అద్దె రసీదు వివరం. కొత్త కూర్పులో ఆ దస్త్రాన్ని తెరిస్తే, పుట నిండా అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఒక్క తెలుగు అక్షరం లేదు.

ఇది లినక్స్ తప్పు కాదు. ఆ రోజుల్లో అచ్చు పనికి వాడిన పాత ఖతులు ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీద తెలుగు బొమ్మలు తొడిగేవి. దస్త్రంలో దాగి ఉన్నది ఇంగ్లీషు సంకేతమే. తొడుగు ఉన్న యంత్రంలో తెలుగుగా కనబడుతుంది. తొడుగు లేని యంత్రంలో దాని అసలు రూపం బయటపడుతుంది. యూనికోడ్‌లో అలా కాదు. తెలుగు అకారానికి, ఆకారానికి తమవైన సంఖ్యలున్నాయి. ఏ దేశంలో, ఏ యంత్రంలో తెరిచినా ‘అ’ అకారమే. 1991 నాటి మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటు దొరికింది. పదిహేనేళ్ల తరువాత కూడా మేము పాత తొడుగులనే నమ్ముకున్నాము.

ఆ పట్టిక పోతే ఏమిటని అడగవచ్చు. కామాటిపుర పునర్నిర్మాణం గురించి ఏళ్లుగా మాటలు నడుస్తున్నాయి. మ్హాడా పేరుతో ప్రతిపాదనలు వచ్చాయి. ఏ చాల్‌లో ఎవరు, ఎన్నాళ్లుగా, ఏ రసీదు మీద ఉన్నారన్నది రేపు ప్రతి ఇంటికీ ప్రాణం మీది ప్రశ్న. ఈ పట్టిక ఒక్కటే హక్కును రుజువు చేయదని న్యాయవాదిగా ముందే చెబుతాను. కానీ ఏ రసీదు ఎవరి పెట్టెలో వెదకాలో అది చెబుతుంది. ఇంకొకటి. మరాఠీ రాతలో హ్రస్వ ఎకారానికి, ఒకారానికి వాడుకలో వేరు గుర్తులు లేవు. కొమురయ్య అక్కడ కోమురయ్య అవుతాడు. ఎల్లవ్వ ఏల్లవ్వ అవుతుంది. ఇంగ్లీషులో మరొక తీరు. ఒకే మనిషి మూడు కాగితాలలో ముగ్గురవుతాడు. ఆ మనిషి అసలు పేరు ఫలానా అని తేల్చి చెప్పగలిగేది తెలుగు అక్షరం ఒక్కటే.

పాత యంత్రంలో తెరిచి సరిచూచుకుంటూ, పాత ఖతులను యూనికోడ్‌కు మార్చే ఉచిత పరికరం ఒకదానితో పట్టికను మార్చాము. వత్తులు తారుమారయ్యాయి, కొన్ని గుణింతాలు ఎగిరిపోయాయి. మూడు ఆదివారాలు పిల్లలు చదువుతుంటే పెద్దలు వింటూ దిద్దారు. అచ్చులో చూసి తెలుగు చదవడం రాదని సిగ్గుపడే పిల్లలు, తమ తాతల పేర్లు కూడబలుక్కొని చదివారు. ఎనభై దాటిన ఒక అవ్వ మధ్యలో ఆపి, “గా ఊరి పేరు తప్పు బిడ్డా. మా మామ చెప్పంగ ఇన్న. మల్ల రాయి,” అన్నది. 2000లలో పడిన తప్పు ఆనాడు దిద్దుబాటయింది. నా అనుభవంలో అంతకన్నా మంచి తెలుగు పాఠం నేను చూడలేదు.

ఇక పాత కంప్యూటర్ సంగతి. అది 32 బిట్ల యంత్రం. డెబియన్ 13 ఆ తరగతి యంత్రాలకు స్థాపకాన్ని గాని, కెర్నెల్‌ను గాని ఇవ్వడం మానుకున్నది. కనుక అది 12వ కూర్పు మీదనే ఆగిపోయింది. అంతర్జాలానికి దూరంగా, టైపు నేర్చుకునే పిల్లలకు వదిలాము. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పాత యంత్రాలన్నిటికీ శాశ్వత ఆయుష్షు పోస్తుందని మేము చెప్పుకునే మాట పూర్తిగా నిజం కాదు. మాటను సవరించుకోవాలి. అయితే మమ్మల్ని అడిగిన ఇళ్లవారి యంత్రాలు 64 బిట్లవి. వాటిలో రెండు ఇప్పటికే కొత్త కూర్పుతో పనిచేస్తున్నాయి.

ఆక్షేపణలకు సమాధానం

ఇదంతా దేనికి, చేతిలో ఫోను ఉన్నది, అందులో తెలుగు వస్తున్నది కదా అని మిత్రులొకరు అన్నారు. వస్తున్నది, సంతోషమే. ఫోనులో తెలుగులో మాట్లాడితే అక్షరాలుగా మారుతున్నది కూడా. కానీ ఆ తెలుగు ఉండాలా వద్దా అన్నది ఒక సంస్థ లాభనష్టాల లెక్క. ఆ లెక్కలో కామాటిపుర గాని, హోసూరు గాని, సిరివంచ గాని, రాయగడ గాని ఎన్ని అంకెలు? స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో తెలుగు ఉండటానికి మనుషులుంటే చాలు. లాభం అక్కరలేదు.

పిల్లలకు మరాఠీ, ఇంగ్లీషు ముఖ్యం కదా అని తల్లిదండ్రుల మాట. ముఖ్యమే. ఉన్న రాష్ట్రపు భాష రాని పిల్లవాడికి బతుకు లేదు. నేను వాదించేది మరాఠీ కోర్టులలోనే. కానీ కంప్యూటర్‌తో తొలి పరిచయం అమ్మనుడిలో అయిన పిల్లవాడు దానికి భయపడడు. మా గదిలో నేను చూసి చెబుతున్న మాట ఇది.

మూడవది, తెర మీది తెలుగు కృతకంగా ఉన్నదన్న ఆక్షేపణ. ఇందులో నిజమున్నది. కొన్ని పదాలు నిఘంటువు నుండి నేరుగా దిగివచ్చినవి. కానీ అన్నీ అలా కావు. ఫైలుకు వాడిన దస్త్రం అన్న మాట చూసి మా పిల్లలు నవ్వలేదు. మహారాష్ట్రలో ఆస్తి పత్రాన్ని దస్త్ అంటారు కనుక వారికది ఇంటి మాటలాగే ఉన్నది. సరిహద్దు తెలుగులో ఇటువంటి మాటలెన్నో ఉన్నాయి. వాటిని అనువాదాలలోకి తేవలసినవారు హైదరాబాదు, విజయవాడలలో లేరు. మనమే.

చేయవలసినది

కనుక సరిహద్దు జిల్లాల కుటుంబాలకు నా సూచనలు నాలుగు. మొదటిది, మీ సంఘాల, బడుల పాత తెలుగు దస్త్రాలను వెంటనే యూనికోడ్‌లోకి మార్చి, పెద్దల చేత దిద్దించండి. ఆ పెద్దలు ఎల్లకాలం ఉండరు. రెండవది, ఇంట్లో ఒక్కరైనా ఒక తెలుగు మీటల అమరికను పూర్తిగా నేర్చుకోండి. మూడవది, కళాశాలలో చదివే మీ పిల్లలను గ్నోమ్, డెబియన్, లిబ్రెఆఫీస్ తెలుగు అనువాద బృందాలలో చేర్చండి. రోజుకు పది వాక్యాలు చాలు. పాత అనువాదాలను చూచి సరే అనడం కూడా సేవే. నాలుగవది, అధికారులకు రాసే విజ్ఞప్తిని 350వ అధికరణాన్ని ఉటంకిస్తూ తెలుగులోనే, యూనికోడ్‌లోనే రాయండి. దానికి ఆ రాష్ట్ర భాషలో ప్రతి జతచేయండి. బడిలో కంప్యూటర్ గది ఉంటే అందులో తెలుగు రాసే వీలు కల్పించమని అడగండి. అర్జీలు మానమని నేను చెప్పడం లేదు. అర్జీ అక్కరలేని చోట కూడా అర్జీ రాసి ఎదురుచూడవద్దని చెబుతున్నాను.

మా గదిలో ఇప్పుడు ప్రతి ఆదివారం ఒక గంట అనువాదానికి కేటాయించాము. ఆ ఎనిమిదేళ్ల పిల్లవాడు సగం మరిచిపోయిన మెనూలోని ఇంగ్లీషు మాటలను ఒక పుస్తకంలో రాసుకొస్తున్నాడు. మా అమ్మాయి వాటికి తెలుగు మాటలు వెదికి, నలుగురినీ అడిగి, పంపుతున్నది. తరువాతి కూర్పు వచ్చేనాటికి ఆ మెనూలో ఎన్ని వరుసలు తెలుగవుతాయో చూడాలి. అవి ఎన్నైనా, ఈసారి వాడడిగితే నా దగ్గర జవాబుంటుంది.